మెడికల్ లీవు పెడితే మెటర్నిటీ డబ్బులు పోతాయా?

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం. నిరుడు జూలై నుంచి పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో కాంట్రాక్టరు రోల్స్ మీద పనిచేస్తున్నాను. జీతం 18,500. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్ అవుతుంది కానీ ఎప్పుడూ వాడుకోలేదు. ఇప్పుడు తొలి కాన్పు, ఐదో నెల. మార్చి 20 డేట్ ఇచ్చారు. మొన్న కొంచెం బ్లీడింగ్ కనిపిస్తే స్కానింగ్ చేశారు. మాయ (ప్లాసెంటా) కిందికి ఉందని, బస్సు ప్రయాణాలు మానేసి రెస్ట్ తీసుకోవాలని డాక్టరమ్మ చెప్పారు. నవంబరు 6 నుంచి సెలవు కావాలని అడిగితే మా సూపర్‌వైజర్, "మెటర్నిటీ లీవు ఎనిమిదో నెలలోగానీ రాదు. అప్పటిదాకా లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) పెట్టుకో. కానీ ఇన్ని రోజులు పని మానేస్తే 80 రోజుల లెక్క తప్పి మెటర్నిటీ డబ్బులు రావు, రోల్స్‌లో పేరు కూడా పోతుంది" అన్నారు. మా అత్తయ్య రాజీనామా చేసేసి ఇంట్లో ఉండమంటున్నారు. అమ్మేమో ఏడో నెల రాగానే మెళియాపుట్టి తీసుకెళ్లిపోతానంటోంది. అంగన్‌వాడీ టీచరు 5,000 రూపాయల పథకానికి పేరు రాయించుకోమన్నారు. ఎవరి మాట వినాలో తెలీక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (ఒక సోదరి, శ్రీకాకుళం)

సమాధానం: రాజీనామా కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండమ్మా. మీ అత్తయ్యగారు మీ మంచి కోరే అన్నారు, ఇంటిపట్టున ఉండమనడంలో తప్పేమీ లేదు. అయితే ఇంట్లో ఉండటానికి ఉద్యోగం వదులుకోనక్కర్లేదు.

మీ సూపర్‌వైజర్ మూడు మాటలు కలిపి చెప్పారు. అందులో ఒకటి నిజం, ఒకటి మీకు వర్తించని నిజం, ఒకటి ఉత్త బెదిరింపు.

నిజమైనది ఎనిమిదో నెల సంగతి. తొలి రెండు కాన్పులకు మెటర్నిటీ సెలవు 26 వారాలు. అందులో డేటుకి ముందు వాడుకోగలిగింది 8 వారాలు మాత్రమే. మార్చి 20 నుంచి వెనక్కి లెక్కేస్తే జనవరి 23 అవుతుంది. కంపెనీవాళ్లు ఎంత మంచివాళ్లైనా అంతకు ముందు ఈఎస్ఐ నుంచి మెటర్నిటీ డబ్బు ఇప్పించలేరు.

80 రోజుల మాట కూడా ఆయన కల్పించింది కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేది. కాన్పు డేటుకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలని. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ 80 రోజులు, 26 వారాలు, 8 వారాలు అలాగే ఉన్నాయి. కానీ అది ఈఎస్ఐ లేనివాళ్లకి, అంటే యజమానే సొంతంగా మెటర్నిటీ జీతం ఇవ్వాల్సిన చోట చూసే లెక్క. మీ ల్యాబ్‌లోనే జీతం 21,000 దాటి ఈఎస్ఐలోకి రాని అక్కలెవరైనా ఉంటే వాళ్లకి వర్తిస్తుంది. జీతం లేకుండా పెట్టిన సిక్ లీవు రోజులు పని రోజులుగా లెక్కకు రావు కాబట్టి వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అలాంటివాళ్లకైనా ఏడాదిలో 80 రోజులు దాటడం పెద్ద కష్టం కాదు.

మీ పే స్లిప్ ఒకసారి తీసి చూడండి. డిడక్షన్ల దగ్గర ఈఎస్ఐ అని 139 రూపాయలు కనిపిస్తుంది. మీ జీతంలో 0.75 శాతం. యజమాని వైపు నుంచి ఇంకో 3.25 శాతం పడుతుంది. ఆ 139 కట్ అవుతోంది కాబట్టి మీకు కాన్పు డబ్బు ఇచ్చేది కాంట్రాక్టరూ కాదు, కంపెనీ కూడా కాదు, ఈఎస్ఐ కార్పొరేషనే. అక్కడి లెక్క వేరు.

ఈఎస్ఐలో ఏడాదిని రెండు చందా కాలాలుగా చేస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి 31 వరకు ఇంకొకటి. ఇప్పుడు కట్టిన చందాకి ఫలం ఇప్పుడే రాదు, మూడు నెలలు ఆగి మొదలవుతుంది. ఏప్రిల్-సెప్టెంబరు చందాకి జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు-మార్చి చందాకి జూలై నుంచి డిసెంబరు వరకు. మీ కాన్పు మార్చిలో, అంటే జనవరి-జూన్ కాలంలో పడుతోంది. మెటర్నిటీకి మీ అర్హత చూసేటప్పుడు దానికి ముందు ముగిసిన రెండు చందా కాలాలు తీస్తారు. నిరుడు అక్టోబరు నుంచి ఈ మార్చి వరకు ఒకటి, ఈ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి. ఆ రెండింట్లో కలిపి 70 రోజుల చందా ఉంటే చాలు.

మీకు ఏడాది పొడుగునా ఉంది. సెప్టెంబరు 30 సాయంత్రానికే మీ అర్హత ఖాయమైపోయింది. నవంబరులో మీరు సెలవు పెట్టినా, పెట్టకపోయినా అందులోంచి ఒక్క రోజు కూడా తగ్గదు. మీకు వచ్చే రోజువారీ మొత్తం కూడా తగ్గదు. సగటు తీసేది ఆ ముగిసిన కాలం జీతం మీదే, అదీ జీతం వచ్చిన రోజులతో భాగించి.

కాబట్టి అసలు చూసుకోవాల్సింది నవంబరు 6 నుంచి జనవరి 22 వరకు ఉన్న ఖాళీ. ఆ 78 రోజులు ఏ పేరుతో సెలవు పెడతారన్నదే. సూపర్‌వైజర్ చెప్పినట్టు లాస్ ఆఫ్ పే అని ఒక తెల్లకాగితం రాసిచ్చి వచ్చేస్తే రూపాయి రాదు. అవే రోజులకి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉంటే సిక్‌నెస్ బెనిఫిట్ కింద సగటు రోజు జీతంలో 70 శాతం వస్తుంది. దానికి నిరుడు అక్టోబరు నుంచి ఈ మార్చి వరకు 78 రోజుల చందా ఉండాలి, మీకు ఉంది. వరుసగా రెండు ప్రయోజన కాలాల్లో (చందాకి ఫలం అందే ఆరేసి నెలల్లో) కలిపి 91 రోజుల వరకు ఇస్తారు, మీకు కావలసింది 78. మొదటి రెండు రోజులకు ఇవ్వరు, ఆ రెండింటికీ క్యాజువల్ లీవు ఉంటే పెట్టేసుకోండి.

మీ జీతం ఏడాదిగా ఇంతే అనుకుంటే రోజు సగటు 600 పైచిలుకు పడుతుంది. అందులో 70 శాతం దాదాపు 425. ఆదివారాలతో సహా లెక్కేస్తారు కాబట్టి జనవరి 22 దాకా చేతికొచ్చేది 32,000 దగ్గర. జనవరి 23 నుంచి మెటర్నిటీలోకి మారితే పూర్తి సగటు, 182 రోజులకి, లక్షా పది వేల దాకా. ఆ సెలవు జూలై 23న ముగుస్తుంది. ఒకే రోజుకి రెండు బెనిఫిట్లూ ఇవ్వరు, అందుకే 22న సిక్ సర్టిఫికెట్ ముగిసి 23న మెటర్నిటీ మొదలయ్యేలా తేదీలు అతికినట్టు కుదరాలి. దేవుడి దయవల్ల అలా జరక్కూడదుగానీ, జనవరి 23 లోపే కాన్పు అయిపోయినా ఆ 8 వారాలు పోవు. 26 వారాలూ కాన్పు రోజు నుంచే నడుస్తాయి.

ఇంకో నెల కూడా ఉందని చాలామందికి తెలీదు. గర్భం వల్లగానీ, కాన్పు వల్లగానీ, నెలలు నిండకుండా పుట్టడం వల్లగానీ వచ్చిన అనారోగ్యానికి డాక్టరు రుజువు ఉంటే 26 వారాలకు అదనంగా నెల రోజుల దాకా ఇస్తారు, అదీ మెటర్నిటీ రేటులోనే. మీ పరిస్థితిలో దీన్ని ఇప్పుడే ఖర్చుపెట్టకుండా దాచుకోమంటాను. ఇప్పటి ఖాళీకి 91 రోజుల సిక్‌నెస్ సరిపోతోంది. మాయ కిందికి ఉన్న కాన్పులు తరచూ సిజేరియన్‌కే వెళ్తాయి, కొన్నిసార్లు ముందే చేయాల్సి వస్తుంది. అప్పుడు ఆ నెల అక్కరకొస్తుంది.

ఇక కాగితాల సంగతి. డబ్బు ఆగేది ఎప్పుడూ ఇక్కడే, అర్హత దగ్గర కాదు. మీరు చూపించుకుంటున్న ప్రైవేటు డాక్టరమ్మ చీటీ ఒక్కటే చాలదు. ఆ చీటీ, స్కానింగ్ రిపోర్టు, ఈఎస్ఐ కార్డు తీసుకుని, మీ కార్డు ఏ డిస్పెన్సరీకి ఉందో అక్కడికి వెళ్లి డాక్టరు చేత మొదటి సర్టిఫికెట్ రాయించుకోవాలి. నవంబరు 6నే వెళ్లండి. వారం పోయాక వెళ్లి పాత తేదీ వెయ్యమంటే వెయ్యరు, వాళ్లని అనుకుని లాభం లేదు. మామూలుగా ఈ సర్టిఫికెట్లు వారానికోసారి ఇస్తారు. ప్రయాణం వద్దన్న మనిషిని వారం వారం కౌంటరు ముందు నిలబెడితే ఏం బాగుంటుంది? జబ్బు ఎక్కువ కాలం ఉంటుందని డాక్టరుకి అనిపిస్తే నాలుగు వారాల దాకా ఒకేసారి ఇచ్చే స్పెషల్ ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ ఉంటుంది. దాని పేరు చెప్పి అడగండి. మొహమాటపడొద్దు. మీరు అడగకపోతే వారం చీటీయే చేతిలో పెడతారు.

సర్టిఫికెట్ రాగానే సెలవు దరఖాస్తుతో కలిపి ఒక కాపీ కాంట్రాక్టరుకి, ఒక కాపీ కంపెనీ హెచ్ఆర్‌కి ఇవ్వండి. మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ముట్టినట్టు తేదీతో సంతకం పెట్టించుకోండి. మీవారిని పంపితే చాలు, మీరు వెళ్లక్కర్లేదు. దరఖాస్తులో లాస్ ఆఫ్ పే అనే మాట రాయకండి. "ఈఎస్ఐ వైద్యాధికారి సర్టిఫికెట్ ప్రకారం అనారోగ్య సెలవు" అని రాయండి. కాగితంతో పాటు వాట్సాప్‌లో కూడా ఫొటో తీసి పెట్టండి, రేపు కాగితం చేరలేదన్నా అందులో తేదీ ఉంటుంది.

పేరు తీసేస్తామన్న బెదిరింపుకి జవాబు ఆ సర్టిఫికెట్టే. సిక్‌నెస్ బెనిఫిట్‌లో ఉన్న మనిషినిగానీ, మెటర్నిటీ బెనిఫిట్‌లో ఉన్న మనిషినిగానీ ఆ కాలంలో ఉద్యోగం నుంచి తీయడానికి, శిక్షించడానికి చట్టం ఒప్పుకోదు. సూపర్‌వైజర్ మళ్లీ అదే మాటంటే, ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి సార్ అనండి. రాయరు.

నాకు కొంచెం అనుమానంగా ఉన్నది కాంట్రాక్టరు రోల్స్ గురించే. పే స్లిప్‌లో 139 కోసినంత మాత్రాన ఈఎస్ఐకి కట్టినట్టు కాదు. మీ ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్ఐ పోర్టల్‌లో లాగిన్ అయి నెలవారీ చందా, రోజులు చూసుకోండి. నిరుడు అక్టోబరు నుంచి ఈ సెప్టెంబరు దాకా వరుసగా కనిపించాలి. నెలలు ఎగిరిపోయి ఉంటే ఇప్పుడే బ్రాంచి ఆఫీసులో పే స్లిప్పులతో ఫిర్యాదు ఇవ్వండి, కాన్పయ్యాక కాదు. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీ కట్టి తీరాలి, నిబంధన కూడా "చెల్లించాల్సిన" చందా గురించే మాట్లాడుతుంది. కాబట్టి తప్పు వాళ్లదైతే నష్టం మీది కాకూడదు. అయినా పరిష్కారానికి టైమ్ పడుతుంది, ఆ టైమ్ మీకు ఇప్పుడే ఉంది. ఏప్రిల్‌లో కాంట్రాక్టరు మారినా సరే, కొత్తాయన కొత్త ఈఎస్ఐ నంబరు తీస్తానంటే ఒప్పుకోకండి. ఈ నంబరే కొనసాగాలి. రెండు నంబర్లున్నవాళ్ల పాట్లు చూస్తే కంపెనీ ఏదైనా నంబరు ఒక్కటే అని గోడమీద రాయాలనిపిస్తుంది.

ఇప్పటి సెలవు వల్ల మీకు నష్టమేమీ లేదా అంటే, ఒకటుంది. వచ్చే మార్చి 31తో ముగిసే చందా కాలంలో మీకు అక్టోబరు నెల, నవంబరులో అయిదు రోజులు మాత్రమే పడతాయి. 78కి చాలవు. అందుకని మెటర్నిటీ అయ్యాక, జూలై నుంచి డిసెంబరు మధ్యలో మీకు జబ్బు చేస్తే సిక్‌నెస్ డబ్బు రాకపోవచ్చని ముందే లెక్కలో పెట్టుకోండి. అప్పటికి బిడ్డకి నాలుగో నెల, మీకైనా పిల్లకైనా జ్వరమొస్తే సెలవు కావాలి. కాబట్టి కంపెనీ ఖాతాలో ఎర్న్‌డ్ లీవు ఉంటే ఇప్పుడు వాడేయకండి. ఎలాగూ జీతంతో సెలవులో ఉన్న రోజులకి సిక్‌నెస్ డబ్బు ఇవ్వరు, రెండూ కలిసిరావు.

మెళియాపుట్టి సంగతికొస్తే, ఇది డబ్బు లెక్క కాదు కానీ చెప్పకుండా ఉండలేను. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకెళ్లాలన్న మీ అమ్మగారి ఆశ నాకు తెలుసు, ఏడో నెలలో చలివిడి పెట్టి పంపడం మన వైపు ఎంత వేడుకో కూడా తెలుసు. కానీ మాయ కిందికి ఉన్నప్పుడు భయం రక్తస్రావం గురించే. నొప్పి లేకుండానే ఒక్కసారిగా మొదలవ్వచ్చు. అర్ధరాత్రి అలా అయితే మెళియాపుట్టి నుంచి టెక్కలి, అక్కడి నుంచి శ్రీకాకుళం, ఆ దారంతా ఒకసారి ఊహించుకోండి. శ్రీకాకుళంలోనే ఉంటే పెద్దాసుపత్రి, అందులో బ్లడ్ బ్యాంకు దగ్గర్లోనే ఉంటాయి. అమ్మనే మీ ఇంటికి రమ్మనండి. ఇద్దరు వియ్యపురాళ్లు ఒక వంటింట్లో ఎలా సర్దుకుంటారన్నది మీవారి తలనొప్పి, ఆయనకి వదిలేయండి. మళ్లీ ఏమాత్రం బ్లీడింగ్ కనిపించినా రేపు చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. అదీగాక, ఊరు మారితే డిస్పెన్సరీ దూరమై సర్టిఫికెట్ల వరుస తెగుతుంది. మధ్యలో తెగిన రోజులకి డబ్బు రాదు.

ఇంకో మంచి మాట. ఐదో నెల స్కానింగ్‌లో మాయ కిందికి కనిపించినవాళ్లలో చాలామందికి గర్భసంచి పెరిగేకొద్దీ అది పైకి జరిగిపోతుంది. సాధారణంగా 32 వారాల దగ్గర మళ్లీ స్కానింగ్ చేస్తారు. ఈలోపే మీ డాక్టరమ్మ ఫరవాలేదు, పనికి వెళ్లొచ్చంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని చేరండి, అయితే నిలబడి చేసే పని కాకుండా రికార్డులు రాసే డెస్కు పని అడగండి. గర్భిణికి బరువు పని, ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదని చట్టంలో ఉందిగానీ, అది ఆఖరి రెండున్నర నెలలకే. ఐదో నెలలో రక్తం కనిపించిన మనిషిని ఆ నిబంధన రాసినవాళ్లు చూసినట్టు లేదు. కాబట్టి డాక్టరు చీటీలోనే "తేలికపాటి, కూర్చుని చేసే పని" అని రాయించుకోండి.

అంగన్‌వాడీ టీచరు చెప్పింది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. తొలి బిడ్డకి 5,000, రెండు విడతల్లో 3,000, 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. కానీ చట్టప్రకారం ఇలాంటి ప్రసూతి ప్రయోజనం వేరేగా అందుకుంటున్నవాళ్లకి అది లేదు. మీకు లక్ష పైన ఈఎస్ఐ నుంచి వస్తుంటే ఆ ఐదు వేల కోసం ఈఎస్ఐ మాట దాచి అప్లై చెయ్యకండి. టీచరుకి ఉన్నదున్నట్టు చెప్పండి, ఆవిడకి మీరు కంపెనీలో చేస్తున్నారని తెలుసుగానీ ఈఎస్ఐ ఉందని తెలిసి ఉండదు. గర్భిణిగా పేరు మాత్రం నమోదు చేయించుకోండి. గుడ్లు, పాలు, టీకాలు, కార్డు అన్నీ అక్కడే.

జనవరిలో డిస్పెన్సరీకి వెళ్లినప్పుడే కాన్పు అంచనా తేదీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మెటర్నిటీ క్లెయిమ్ ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, చేతకాకపోతే బ్రాంచి ఆఫీసులో కాగితాల మీద ఇవ్వొచ్చు. కాన్పయ్యాక ఆసుపత్రి ఇచ్చే కాగితం కూడా జతచెయ్యాలి.

చివరగా ఇంటిపేరు. పెళ్లయ్యాక ఆధార్‌లో మీ ఇంటిపేరు మార్పించారా? ఈఎస్ఐలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒట్టి ఇనీషియల్ ఉంటే డబ్బు మంజూరై కూడా ఖాతాలో పడదు. ఇంకా మార్చి ఉండకపోతే కాన్పు డబ్బంతా వచ్చేదాకా మార్చకండి. మార్చేసి ఉంటే ఈ వారమే కాంట్రాక్టరు ఆఫీసులో ఈఎస్ఐ రికార్డు సరిచెయ్యమని అడగండి, ఎలాగూ సెలవు దరఖాస్తు ఇవ్వడానికి మీవారు అక్కడికే వెళ్తారు కదా.